మామా చీర కట్టిన రోజు

గోదారికి పెద్ద వరద వచ్చి మా లంకను ముంచిన నాలుగో ఏడు అది. ఆ వరదకు నా అరటితోట ఇసక కింద పడిపోయింది. ఇసకలో అరటి బతకదు. నేను ఇసక దేశానికి వచ్చి బతికాను.

ఆ ఏడు శ్రావణమాసంలో ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకుంది. అప్పటికి నేను అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్ని. నా పేరు కుక్కుటేశ్వరరావు. అంత పేరు అరబ్బుల నోట పలకదు. ఆ ఇంట్లో అందరికీ నేను రావ్‌ని.

వంట చేసేది సిద్ధమ్మ. రాయచోటి పక్క మనిషి. చిన్న వయసులోనే భర్త పోయాడు. నాకంటే ముందే ఆ ఇంటికి వచ్చింది. యజమానురాలి కూతురు నూరాకు జడలు వేసి బడికి పంపింది ఆమే. అరబీ బాగా నేర్చింది. నాకు వింటే అర్థమయ్యేది కానీ మాట్లాడటం రాలేదు. నాకు తెలుగే తక్కువ.

వరద సంగతి ఎత్తితే సిద్ధమ్మ ఊరుకునేది కాదు.

"మీరు ఏండ్లను వరదలతో లెక్కేసుకుంటారన్నా. మేం కరువులతో లెక్కేసుకుంటాం. మాకే ఏండ్లు ఎక్కువొస్తాయి" అనేది.

ఇంటి యజమానురాలిని పనివాళ్ళం మామా అంటాం. ఆమె భర్త కూడా పోయాడు. కొడుకు బదర్ కువైట్ సైన్యంలో ఆఫీసరు. సైన్యం చెదిరిన రోజు నుంచి అతని జాడ లేదు. ఇరాకీలు రెండుసార్లు ఇంటికొచ్చి అతని కోసం అడిగారు. కొడుకు దొరక్కపోతే తల్లిని తీసుకెళ్ళి కూచోబెడతారు, అప్పుడు కొడుకే వస్తాడు. పక్క వీధిలో ఒక ఇంట్లో అలాగే జరిగింది. అందుకని మామా గడప దాటడం లేదు.

వినాయక చవితి వెళ్ళిన వారం. పొద్దున్నే ఫోను మోగింది. ఊళ్ళోపలి ఫోన్లు ఇంకా పలుకుతున్నాయి. చేసింది నూరా. ఆమె కాపురం ఫహాహీల్‌లో. నిండు నెలలు. మొగుడు పనిమీద లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. తొలి కాన్పు. నొప్పులు మొదలయ్యాయి, కింది అంతస్తులో నర్సు ఉంది, కానీ నాకు భయంగా ఉంది, అమ్మా నువ్వు రా అని ఏడ్చింది. ఆ ఏడుపు ఫోనుకు ఇవతల నిలబడ్డ నాకూ వినిపించింది.

మామా ఫోను పెట్టేసి, బయటికి వెళ్ళేటప్పుడు తొడుక్కునే నల్ల అబాయా అందుకుంది. "రావ్, బండి తియ్యి" అంది.

నేను కదల్లేదు. ఫహాహీల్ దాకా దారిలో సైనికుల కాపలాలు ఉన్నాయి. కువైటీ అని తెలిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డు మీద ఇంటిపేరు ఉంటుంది, బదర్ తల్లి అని తెలిసిపోతుంది.

"పోతే మళ్ళీ రాలేవు మామా" అని సిద్ధమ్మ అరబీలో చెప్పింది.

"పోకపోతే నా కూతురు ఒక్కతే" అంది మామా.



మునిలక్ష్మి వచ్చింది అప్పుడే. పక్కింట్లో పని చేసేది. ఆ ఇంటివాళ్ళు సౌదీకి పారిపోయారు, ఈమెను తాళాలకు కాపలా పెట్టి. రోజూ పొద్దున రేడియో కబుర్లు మోసుకొచ్చేది.

"అమెరికావోడు సౌదీలో దిగినాడంట!" అంది లోపలికి వస్తూనే.

"దిగి ఏం చేస్తాండాడంట?" అంది సిద్ధమ్మ.

"నీళ్ళు తాగతాండాడంట. ఎండ తట్టుకోలేక."

ఎవరూ నవ్వలేదు. మునిలక్ష్మి మా మొహాలు చూసి సంగతి అడిగింది. విన్నాక, "ఇంతేనా? చీర కడితే సరిపాయ" అంది.

హిందీ వాళ్ళంటే ఇరాకీ సైనికులు పెద్దగా పట్టించుకునేవారు కాదు. హిందీ అంటే వాళ్ళ లెక్కన ఇండియా మనుషులందరూ. చీరా బొట్టూ చూస్తే చెయ్యి ఊపి పంపేసేవారు. మామా చామనఛాయ మనిషి. ఎండలో తిరిగిన మా లంక ఆడవాళ్ళ రంగే. మునిలక్ష్మి పరిగెత్తి వెళ్ళి ఎర్రచీర, గాజులు, మట్టెలు, తిలకం సీసా తెచ్చింది.

నన్ను గదిలోంచి పొమ్మన్నారు. తలుపు బయట నిలబడ్డాను. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"కుచ్చిళ్ళు నువ్వు పెట్టక్కా, నాకు అరబ్బు నడుములు అలవాటు లేవు."

"కదలొద్దు మామా. పొట్ట లోపలికి."

"ఎక్కడికని లోపలికి?" అంది మామా.

చీర కట్టడం అయింది.  ఎంతకీ తలుపు తియ్యకపోతే, "అయ్యిందాండీ?" అన్నాను.

మునిలక్ష్మి తలుపు తీసింది. "నువ్వే చెప్పన్నా. బొట్టు పెట్టక్కా అంటే పెట్టనంటాది."

సిద్ధమ్మ గోడకానుకుని దూరంగా నిలబడింది. "నేను పెట్టగూడదు మే. నీకు తెల్దా? నువ్వు పెట్టు."

ఏమిటని మామా అడిగింది. మునిలక్ష్మి తన అరబీలో చెప్పింది. మొగుడు పోయిన ఆడది ఆ ఎరుపు పెట్టుకోదు, ఇంకొకరికి పెట్టదు అని. చెప్పీ చెప్పగానే తన నోరు తనే మూసుకుంది.

"అయ్యయ్యో! అట్లయితే మామాకూ పెట్టగూడదు గదన్నా!"

మామా మా ముగ్గురినీ చూసింది. అర్థమైంది. నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

"నా మొగుడు నాకు తెలుసు. నూరా దగ్గరికి పోవాలంటే నన్ను గాడిదనైనా ఎక్కించేవాడు. పెట్టు."

మునిలక్ష్మి పెట్టింది. పెద్ద బొట్టు, రూపాయి బిళ్ళంత. దూరం నుంచి కూడా కనబడాలని.

తర్వాత ఉపాయాలు. కార్డులు అడిగితే ఏం చెప్పాలి? మామాకు హిందీ కార్డు లేదు. ఇద్దరం చూపించి ఒకరు చూపించకపోతే అనుమానం. అందుకని ముగ్గురి కార్డులూ ఇంట్లోనే పెట్టేశాం. మమ్మల్ని పనికి రప్పించుకున్న కఫీల్ పారిపోయాడు, కాగితాలన్నీ అతని దగ్గరే ఉండిపోయాయి అని చెప్పాలి. యజమాని దగ్గర కాగితాలు ఉండిపోయిన హిందీలు ఊరినిండా ఉన్నారు. మామా నోరు తెరిస్తే దొరికిపోతుంది కాబట్టి పంటినొప్పి. బుగ్గలో దూది పెట్టింది మునిలక్ష్మి. "ఎవురేం అడిగినా మూలుగు మామా, అంతే" అని నేర్పింది. కాలు ముడుచుకుని ఎలా కూచోవాలో, పైట ఎలా లాక్కోవాలో కూడా నేర్పింది.

మామాను హిందీ చెయ్యడంలోనే ముగ్గురం మునిగిపోయాం. సిద్ధమ్మను ఎవరూ చూడలేదు. ఆమె ఎలాగూ హిందీయే కదా.

మంచి బండ్లను సైనికులు మొదటి వారంలోనే తోలుకుపోయారు. తోటపనికి వాడే పాత వనెట్ ట్రక్కు మిగిలింది. ముందు ఒకటే పొడుగు సీటు, వెనక తొట్టి. మామాను కిటికీ దగ్గర కూచోబెట్టడం ఇష్టంలేక నాకూ సిద్ధమ్మకూ మధ్యలో కూచోబెట్టాం. మునిలక్ష్మి ఇళ్ళకు కాపలా ఉండిపోయింది.

"కోడన్నా, నిదానంగా పోనీ. బిడ్డ పుట్టినాక ఫోను చెయ్యండి" అంది. నా పేరులో కోడి ఉందని ఎవరో చెప్పారట. అప్పటినుంచి ఆమెకు నేను కోడన్నను.

మొదటి కాపలా దగ్గర సైనికుడు నీడలో కూచుని ఉన్నాడు. లేవకుండానే చెయ్యి ఊపాడు. మామా గట్టిగా మూలిగింది.

"ఇంకా అడగలేదు మామా" అన్నాను.

రెండో కాపలా సముద్రం పక్క రోడ్డు ఎక్కే ముందు. అక్కడ రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టారు. ఇద్దరున్నారు. ఒకడు కుర్రాడు, మీసం సరిగా రాలేదు. రెండోవాడు నా వయసువాడు, తుపాకీ గోడకానించి టీ తాగుతున్నాడు. కుర్రాడు సిద్ధమ్మ వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపలికి వంగి మామాను చూశాడు. చీర, గాజులు, బొట్టు.

"హిందీ" అన్నాడు. అడగలేదు, తనే తేల్చేశాడు.

తర్వాత సిద్ధమ్మను చూశాడు. తెల్లటి మనిషి. బోసి నుదురు, బోసి చేతులు. రంగు వెలిసిన చీర. ఎండకని కొంగు తలమీద కప్పుకుంది.

"నువ్వు?" అన్నాడు.

"నేనూ హిందీనే నాయనా. కావాలంటే వీళ్ళనడుగు. ఒకే ఇంట్లో ఏండ్లబట్టి పని చేస్తున్నా" అని సిద్ధమ్మ అరబీలో చెప్పింది.

వాళ్ళ భాషలో చక్కగా చెబితే మెత్తబడతాడని ఆమె అనుకుంది. కానీ ఆమె అరబీ నేర్చింది మామా దగ్గర. మామా మాటే ఆమె మాట. కళ్ళు మూసుకుని వింటే అర్దియాలో పుట్టిన కువైటీ ఆడమనిషే.

కుర్రాడి మొహం మారింది. తలుపు గుంజి తీశాడు. "ఇన్జిలీ" అన్నాడు. దిగమని. ఆ వారంలోనే చీర కట్టుకుని దాటబోయిన కువైటీ ఆడవాళ్ళను అక్కడ పట్టుకున్నారట. అది మాకు తెలియదు.

సిద్ధమ్మ దిగింది. కార్డు అన్నాడు. లేదంది. కఫీల్ పారిపోయాడని మేమనుకున్న మాటే చెప్పింది. ఎంత చక్కగా చెబితే అంత మునిగిపోతోంది. కుర్రాడు అవతల నిలబెట్టిన లారీ వైపు చెయ్యి చూపించాడు. అందులో అప్పటికే కొందరు ఉన్నారు.

మామా దూది నములుతోంది. ఆమె చెయ్యి నా చొక్కా పట్టుకుంది. నోరు తెరవబోతోందని తెలిసింది. తెరిస్తే సిద్ధమ్మ బయటపడుతుంది, మామా లారీ ఎక్కుతుంది. నూరా ఒక్కతే ఉండిపోతుంది. తెరవకపోతే సిద్ధమ్మ లారీ ఎక్కుతుంది.

"మూలగండి" అని తెలుగులోనే అని నేను దిగాను.

అరబీలో నా నోటికి వచ్చిన మాటలు పెట్రోలు, టైరు, కుడి, ఎడమ, ఖలాస్. ఇంకో పది ఉంటాయేమో. టీ తాగే పెద్దాయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను. సిద్ధమ్మను చూపించాను.

"రజ్జాల్ మౌత్" అన్నాను. మొగుడు చచ్చిపోయాడు.

ఆయన గ్లాసు దించాడు. నేను వేలితో నా నుదురు తాకాను. మామా వైపు చూపించాను. మళ్ళీ నా నుదురు తాకి, అరచేత్తో తుడిచేశాను.

"అహ్మర్ ఖలాస్" అన్నాను. ఎరుపు అయిపోయింది.

ఆయన నావంక చూశాడు, సిద్ధమ్మ నుదురు వంక చూశాడు. లేచి వచ్చాడు.

"మొగుడు పోతే అది తీసేస్తారా?" అని ఆమెనే అడిగాడు.

సిద్ధమ్మకు అప్పటికి అరబీ అంతా పోయింది. దుఃఖం, కోపం కలిసి వచ్చేశాయి. నడి రోడ్డు మీద, తుపాకుల ముందు, రాయచోటి తెలుగులో అందుకుంది.

"ఆఁ, తీసేస్తారు! మా ఊర్లో తీసేస్తారు! గాజులు పగలగొడతారు, పూలు పీకుతారు! నా మొగుడు సచ్చినప్పుడు మీరొచ్చినారా ఏడ్చేదానికి? ఇప్పుడొచ్చి యాడ నీ బొట్టు, యాడ నీ బొట్టు అంటే నేను యాడ్నించి తెచ్చేది! మీ అమ్మలకు మొగుళ్ళు సావలేదంట్రా?"

కుర్రాడు వెనక్కి జరిగాడు. అది అరబీ కాదని వాడికీ తెలిసిపోయింది. తిట్టు ఏ భాషలో ఉన్నా తిట్టేనని కూడా తెలిసినట్టుంది.

పెద్దాయన నవ్వలేదు. "మా చెల్లెలు కూడా" అన్నాడు నాతో, నెమ్మదిగా, నాకర్థమయ్యేలా విడదీసి. "ఇరాన్ యుద్ధంలో మొగుడు పోయాడు. అప్పటినుంచి నలుపే కడుతుంది. రోజూ. ఈద్ పండక్కి కూడా నలుపే." తన చొక్కా పట్టుకుని, తర్వాత తన నల్ల బూటు చూపించాడు. తర్వాత బండిలోకి వంగి, "ఈమె?" అన్నాడు.

"మదామ్ మాలీ" అన్నాను. నా పెళ్ళాం.

మామా మూలిగింది. ఈసారి నిజంగానే మూలిగిందనుకుంటాను.

"ఎక్కడికి?"

"ఫహాహీల్. బింత్... బేబీ" అన్నాను. కూతురు, కాన్పు. చేతులతో పొట్ట చూపించాను. అందులో అబద్ధం కొంచెమే.

ఆయన తల ఊపాడు. సిద్ధమ్మను బండి ఎక్కమని సైగ చేశాడు. నేను కూడా ఎక్కి ఇంజను వేశాక నా కిటికీ దగ్గరికి వచ్చాడు. కుర్రాడికి వినబడకుండా అడిగాడు.

"రేడియో వింటావా? అమెరికా వస్తుందంటున్నారా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆయన రోడ్డు వైపు చూశాడు. అమెరికా సముద్రంలోంచి వస్తుందో ఆకాశంలోంచి వస్తుందో చూసుకుంటున్నట్టుగా. తర్వాత బండి కప్పు మీద చేత్తో కొట్టి, "యల్లా" అన్నాడు.

అమెరికా సంక్రాంతి రోజుల్లో వచ్చింది. ఆకాశంలోంచే వచ్చింది. ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు. చెల్లెలి దగ్గరికి చేరాడనే అనుకుంటాను. అనుకుంటే పోయేదేముంది.

సముద్రం పక్క రోడ్డు ఎక్కాక మామా బుగ్గలో దూది తీసి బయట పారేసింది.  అప్పుడంది:

"రావ్. ఊళ్ళో నీకు పెళ్ళాం ఉంది కదా?"

"ఉందండి. సూరాయమ్మ."

"ఆమెకు చెప్పకు."

సిద్ధమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అహ్మర్ ఖలాస్ అంట!" అంది. "ఏం అరబీ అన్నా అది! అట్లా మాట్లాడేవాడు కువైటీ ఇంటి మనిషంటే వాని తండ్రి గూడా నమ్మడు."

నవ్వి నవ్వి చివరకు ఏడ్చింది. మామా ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది. ఫహాహీల్ దాకా అలాగే కూచున్నారు.

నూరా వాటా తలుపు తీసింది నర్సు జీనత్. హైదరాబాద్ అమ్మాయి. ఎర్రచీరలో ఉన్న మామాను, వెనక మమ్మల్ని చూసింది.

"పనోళ్ళంతా ఒక్కసారే రావొద్దు. బయట కూసోండి, పిలుస్తా" అంది తెలుగులో.

మామాకు భాష తెలియలేదు కానీ భావం తెలిసింది. ఆ మాట ఆమెతో అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ ఉండరు. జీనత్ చెయ్యి పక్కకు తోసి, "నూరా!" అని కేకేస్తూ లోపలికి పోయింది. గాజులు గలగలమన్నాయి.

లోపల నుంచి నూరా గొంతు. "ఎవరు? ఎవరు నువ్వు?" తర్వాత అరుపు. తర్వాత నవ్వు, మళ్ళీ నొప్పి అరుపు. "యుమ్మా! ఏమిటిది నీ మొహం మీద!"

సిద్ధమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "నువ్వు పో" అన్నాను.

"కాన్పు గదికి నేనెట్ల పోయేదన్నా? తొలి కాన్పు."

"జడలేసిన పిల్లే కదా."

నిలబడింది. లోపల నూరా "సిద్దమా, సిద్దమా" అని పిలిచింది. వెళ్ళింది.

నేను మెట్ల మీద కూచున్నాను. మధ్యాహ్నం దాటింది. మూడో నమాజు పిలుపు వినబడింది. ఆ పిలుపు ఆగాక పసిదాని ఏడుపు. పిలుపు కన్నా ఏడుపే గట్టిగా ఉంది.

జీనత్ వచ్చి తలుపు బార్లా తీసింది. "ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరు. లోపలికి రా పెద్దాయనా. పొద్దుగాల నేను అన్నది మనసుల పెట్టుకోకు."

బొట్టు చెమటకు కరిగి మామా ముక్కు మీదికి దిగింది. ఆమె చేతుల్లో తువ్వాలు చుట్టిన పసిది. మామా ముద్దు పెట్టుకుంది. వెంటనే తిరిగి సిద్ధమ్మకు అందించింది.

సిద్ధమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేనొద్దు మామా. ముందు వేరేవాళ్ళకియ్యి. మా పక్క ఇట్లా..."

"మీ పక్క సంగతి నాకు పొద్దున్నే చెప్పారు" అంది మామా. "ఈ పిల్ల కోసం నేను దిగాల్సిన చోట నువ్వు దిగావు. పట్టుకో. నా చేతులు నొప్పి పుడుతున్నాయి."

సిద్ధమ్మ పట్టుకుంది. పట్టుకున్నాక ఇవ్వలేదు. జీనత్ అడిగినా ఇవ్వలేదు. నూరా పాలకు అడిగితే ఇచ్చింది.

ఫోను చేసి మునిలక్ష్మికి, దారిలో మామాను నా పెళ్ళామన్న సంగతితో సహా, అన్నీ చెప్పాం. అవతల నుంచి కేక. "కోడన్న తాత అయినాడంట!" అని ఎవరూ లేని ఇంట్లో ఎవరికో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే నేను రొట్టెల కొట్టుకు వెళ్ళాను. ఫహాహీల్‌లో అదొక్కటే పొయ్యి వెలిగించింది. లైను సందు మలుపు దాకా ఉంది. బిహారీలు, ఈజిప్టువాళ్ళు, మన కడపవాళ్ళు, కువైటీలు, అందరూ ఒకే లైను. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆ రోజుల్లో లైనులో మాట్లాడేవారు కాదు, ఎవరు ఎవరి మనిషో తెలియదు.

నా ముందు ఒక కువైటీ ముసలాయన నిలబడి ఉన్నాడు. నా వెనక రైల్వే కోడూరు మనిషి.

నేను ముందాయన భుజం తట్టాను. "బింత్" అన్నాను. ఆడపిల్ల. నిన్న. చేతులతో ఎంత ఉందో చూపించాను.

వెనక్కి తిరిగి, "మా ఇంట్లో ఆడపిల్ల పుట్టిందండి" అని వెనకాయనకు కూడా చెప్పాను.

"ఎవురికన్నా?" అన్నాడతను.

"మాకేనండి" అన్నాను.

ముసలాయన పక్కకు జరిగి నన్ను తన ముందుకు రమ్మన్నాడు. ఆయన ముందున్న ఈజిప్టువాడికి ఆయనే చెప్పాడు. వాడు తన ముందువాడికి చెప్పి జరిగాడు. అలా నన్ను పొయ్యి దాకా పంపేశారు. నేను వేడి రొట్టెలు తువ్వాల్లో చుట్టుకుని, చల్లారకుండా పరుగులాంటి నడకతో మెట్లెక్కాను.